ఆరు ముక్కల గుండె

కాకినాడ అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతాను. మా ప్రయోగశాల గదిని మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టుకోవడానికి ఇచ్చేద్దామని హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నారు.

"గుండె బొమ్మ బోర్డు మీద వేస్తే సరిపోదా అండి? దానికో గదెందుకు?"

హెడ్మాస్టరు గారి ఆ మాటకు లెక్కల మాస్టారు నవ్వారు. ఆయనకు ఈరోజుకీ నేను నమస్కారం పెట్టను. గది కోసం నేనిచ్చిన అర్జీల నకళ్ళన్నీ నా బీరువాలో ఉన్నాయి.

చివరికి, తనిఖీకి వచ్చే అధికారి నా పాఠం చూసి తేలుస్తారన్నారు. గది అవసరమని ఆయనకు అనిపిస్తే ఉంటుంది. లేదంటే మర్నాడే బస్తాలు దిగుతాయి.

తనిఖీ రోజుకి పదో తరగతికి రక్తప్రసరణ పాఠం పెట్టుకున్నాను. బడి కోసం ఒక మేక గుండె కావాలని మాంసం కొట్టాయనకు ముందురోజే చెప్పాను. పొద్దున్న దారిలో పొట్లం తీసుకుని, ప్రయోగశాలకు వచ్చి పిల్లల ముందు విప్పాను. గుండె ఆరు ముక్కలై ఉంది. వెంటనే ఫోను చేశాను.

"బడికని చెప్పాను కదండీ!"

"అందుకే శ్రద్ధగా కొట్టానండి మేడమ్. అంతమంది పిల్లలకి కూరలోకి రావాలి కదా. కార్జం కూడా కొసరేశాను, చూశారా?"

మా వైపు తెలిసినవాళ్ళకు మాంసం ముక్కలు కొట్టి, కొసరు వేసి ఇవ్వడమే మర్యాద. ఆయన మర్యాదే చేశాడు. అయినా చాలాకాలం ఆ కొట్టు గడప తొక్కలేదు నేను.

మళ్ళీ బజారుకు వెళ్ళి వచ్చే వ్యవధి లేదు. బస్తాలు వరసగా దిగుతున్నట్టే కనిపించింది నాకు.

"మసాలా కూడా కట్టాడేమో చూడండి మేడమ్," అన్నాడు వెనక బెంచీ వాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వాగలేదు. నేను నవ్వానన్న ధైర్యంతో, ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి లేచింది. వాళ్ళది చేపల వేటకు వెళ్ళే ఇల్లు, బడి గోడ వెనకే.

"కుట్టేద్దామండి మేడమ్. వల దారం తెస్తాను."

సన్నటి నైలాను దారం, సూది తెచ్చింది. ఏ ముక్క ఎక్కడిదో తేల్చడం మిగతావాళ్ళ పని. పుస్తకంలో బొమ్మ ముందు పెట్టుకుని ఎంత పోట్లాడుకున్నారో! నేను చెప్పబోతే, "మీరుండండి మేడమ్," అన్నారు. ఆ మాట ఇంకెవరన్నా ఊరుకునేదాన్ని కాదు.

మొదటిసారి కుడి కర్ణికను తలకిందులుగా కుట్టేశారు. సిరంజితో ఎర్రనీళ్ళు ఎక్కిస్తే పక్కనుంచి చిమ్మి నా చీర మీద పడ్డాయి. మళ్ళీ విప్పి కుడుతుండగా అధికారి వచ్చారు. వెనకే హెడ్మాస్టరు గారు.

"ఏంటమ్మా, గుండెకి ఆపరేషనా?"

"కొట్టాయన కూరకి కొట్టేశాడు సార్. అందుకని," అంది ఆ అమ్మాయి, తల ఎత్తకుండా. "మా ముడి తడిలో జారదు సార్."

హెడ్మాస్టరు గారు నా వైపు చూసిన చూపు కూడా నాకు గుర్తుంది.

అధికారి వంగి ఒక ముక్క చూపించారు. "ఇది ఎడమ జఠరికని ఎలా చెప్పగలవు?"

"గోడ మందం సార్. ఇది ఒళ్ళంతటికీ రక్తం తొయ్యాలి. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు. ఏటిదాకా వెళ్ళే పడవకి చిన్న ఇంజను చాలు. సముద్రం లోపలికెళ్ళే బోటుకి చాలదు కదండీ."

ఆ పోలిక నేను చెప్పింది కాదు. ఇన్నేళ్ళలో నాకు తట్టనూ లేదు.

ఆయన కుర్చీ లాక్కుని, కుట్టడం పూర్తయ్యేదాకా కూర్చున్నారు. ఈసారి ఎర్రనీళ్ళు బృహద్ధమనిలోంచి సన్నగా బయటికొచ్చాయి. పిల్లలు అరిచిన అరుపుకి పక్క తరగతి వాళ్ళు కిటికీల దగ్గరికి చేరారు. గది ప్రయోగశాలగానే ఉండాలని అధికారి రిజిస్టరులో రాసి సంతకం చేశారు. "అంతా మా ప్రోత్సాహమేనండి," అన్నారు హెడ్మాస్టరు గారు. అదీ మర్చిపోలేదు.

తర్వాతి పీరియడు బి సెక్షనుది. కుట్టిన గుండెను వాళ్ళకు చూపిద్దామని నేను పళ్ళెం సర్దుతుంటే, ఆ అమ్మాయి కత్తెర తీసుకుని ముడులన్నీ తెంపి, ఆరు ముక్కలూ కలగాపులగం చేసేసింది.

"వాళ్ళని కూడా కుట్టుకోనివ్వండి మేడమ్," అంది.