చల్లబడ్డ గుండెను కుదపొద్దు

నాకు నోరెక్కువని ఇంట్లోనూ, దవాఖానాలోనూ అందరూ అనేవాళ్లు. ఎనభైల్లో దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డున ఒక చిన్న సర్కారు దవాఖానాలో నర్సుగా చేశాను. అక్కడ నోరు లేకపోతే పని నడవదు. ఆ నోరే ఒక మనిషిని బతికించిందని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ వానాకాలం గోదావరి పొంగింది. ఒడ్డు చేనులో కట్టేసిన బర్రెలను విప్పబోయిన ఒక రైతు వరదలో చిక్కుకున్నాడు. తుమ్మచెట్టును పట్టుకుని రాత్రంతా వానలో, ఈదురుగాలిలో నానిపోయాడు. తెల్లారాక పడవవాళ్లు తెచ్చి మా వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. రోడ్డు మునగడంతో డాక్టరుగారు భద్రాచలంలోనే ఆగిపోయారు. మనిషి ఒళ్లు రాయిలా చల్లగా ఉంది. పెదవులు నల్లబడ్డాయి. పిలిస్తే పలకడు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది అతను వణకకపోవడం. వణుకుతున్నంతసేపు ఒళ్లు చలితో పోట్లాడుతున్నట్టే. వణుకు ఆగిందంటే ఓడిపోతున్నట్టు.

అతని అన్న మణికట్టు పట్టి చూసి వదిలేశాడు.

"నాడి లేదు. పోయిండు."

వెంట వచ్చిన ముసలి తల్లి నేల మీద కూలబడి శోకాలు మొదలుపెట్టింది.

"కుమ్మరి సారె మీద పండబెట్టి గిరగిర తిప్పుదాం. నీళ్లు కక్కుతడు. జల్దీ లేపుండ్రి!" అన్నారు పడవవాళ్లు. నీళ్లలో పడ్డవాణ్ణి కుండలు చేసే సారె మీద తిప్పడం మా వైపు పాత అలవాటు.

"ఎవరన్నా ముట్టుకుంటే మర్యాద దక్కదు!" అని అరిచాను.

స్టెతస్కోపు గుండె మీద పెట్టి, తొందరపడకుండా నిమిషం పొడుగునా విన్నాను. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకోటి. అదీ తాళం తప్పుతూ. ఖమ్మంలో ట్రైనింగప్పుడు మా ట్యూటరమ్మ నూరిపోసిన పాఠం ఇదే. ఒళ్లు చల్లబడేకొద్దీ గుండె నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది. అప్పుడు మనిషిని గట్టిగా కుదిపితే, గుండె కొట్టుకోవడం మాని ఊరికే అదిరి ఆగిపోవచ్చు. వెచ్చబరిచి చూడకుండా పోయాడని చెప్పకూడదు.

"గుండె కొట్టుకుంటంది అన్నా. ఎత్తి గిరగిర తిప్పితే మీరే చంపినోళ్లయితరు" అన్నాను.

వాళ్లతోపాటే వచ్చిన అతని భార్య అరికాళ్లకు శొంఠి పొడి రుద్దబోతే ఆమెనూ ఆపాను. కాళ్లూ చేతులూ రుద్దితే అక్కడి చల్లటి నెత్తురు గుండె మీదికి వస్తుంది. తడి బట్టలు కత్తెరతో కోసి తీశాను. ఖాళీ సెలైన్ సీసాల్లో వేడినీళ్లు పోయించి, గుడ్డ చుట్టి చంకల్లో పెట్టాను. ఉన్న రగ్గులన్నీ కప్పాను. అయినా చాలలేదు.

"ఒంటి వేడి కావాలె. ఎవరన్నా పక్కన ఆనుకోని పండుకోవాలె" అని భార్య వైపు చూశాను. ఆమె బావగారి వైపు, అత్త వైపు చూసి తల దించుకుంది. నలుగురి ముందు మొగుడి పక్కన పడుకోవడానికి పాపం కాళ్లు కదల్లేదు. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే ముసలామె ఏడుపు ఆపి లేచింది.

"జరగుండ్రి. వీణ్ణి మొదలు వెచ్చగ పెట్టింది నేనే" అంటూ రగ్గు ఎత్తి మెల్లగా కొడుకు పక్కన దూరింది.

నేను అతని మెడ దగ్గర నాడి మీద వేలు తీయలేదు. ఎంతసేపటికీ మార్పు లేదు. నాకు భయం వేసింది గానీ పైకి కనబడనివ్వలేదు. అంతలో రగ్గు కదిలింది. మనిషి పళ్లు టకటక కొట్టుకుంటూ వణకడం మొదలుపెట్టాడు.

"ఫిట్స్ వచ్చినయి!" అన్నాడు అన్న.

నేను పకపకా నవ్వాను. "వణకనియ్యి. గదే కావాలె మనకు."

నాడి నా వేలికి గట్టిగా తగలసాగింది. మధ్యాహ్నానికి అతను కళ్లు తెరిచాడు.

"అమ్మా, జర జరుగు. ఇరుకైతంది."

"జరగ" అంది ముసలామె నా వైపు చూస్తూ. "సిస్టరమ్మ చెప్పేదాక జరగ."

ఇక జరగొచ్చని ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.