ఎలీషబా కంఠతా పట్టిన పదిహేడు వరసలు

కురిచేడు గోడౌన్లోని సర్వరు గిద్దలూరు కొట్టు మాట మొదటిసారి విన్నది 2022 జూన్ 14, మంగళవారం, పగలు పన్నెండుంబావుకు. వినేట్టు చేసింది కొనకనమిట్ల దగ్గరి పల్లెలో ఉండే జీవరత్నం కూతురు ఎలీషబా. మౌసు లేదు, నొక్కేందుకు తెర మీద బొమ్మల్లేవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. కొత్తగా పెట్టిన డేటాబేసు తానున్న గది దాటి ఎవరి మాటా వినదు. దాని చెవులు తెరవాలంటే కీబోర్డు మీద వరస వెంబడి వరస, మొత్తం పదిహేడు, కొట్టాల, ఒక్క చుక్క తప్పినా ఒప్పుకోదు. పదకొండు రోజులు ఒప్పుకోలేదు. పన్నెండో రోజు గిద్దలూరు కొట్టు చూసే మహాలక్ష్మి ఫోను చేసి, "ఏమ్మే, గోడౌన్లో కంది విత్తనాల బస్తాలన్నీ ఇక్కడ కనపడతాండయి" అన్నది.

ఆషామాషీ సంగతి కాదిది. కూలికి పోతే గానీ పొయ్యి రాజని ఇంట్లో పుట్టిన పిల్ల. ఆదివారం బడిలో రాహేలు టీచరు నేర్పిన బైబిలు కంఠత వాక్యాలు నూటయాభై గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, తొమ్మిదేళ్లకే స్టీలు చెంబు గెలిచింది. పదో తరగతిలో మండలం ఫస్టు. మార్కాపురంలో కంప్యూటర్ల డిగ్రీ, ఒక్క పేపరన్నా తప్పింది లేదు.

ఉద్యోగం బాలసుబ్రహ్మణ్యం గారి విత్తనాల వ్యాపారంలో. గోడౌను కురిచేడులో, కొట్లు గిద్దలూరులో, కనిగిరిలో. పాత మిషను బొమ్మల తెరను మొయ్యలేదని, డిగ్రీలో పాఠం చెప్పిన సారే దాన్నట్ల నల్ల తెరతో పెట్టించినాడు. "ఆ సెట్టింగుల ఫైలు జోలికి పోబాకమ్మా, అక్షరం చెడితే మిషను లేవదు" అని చెప్పి ఆయన ఊరు మారిపోయినాడు. ఆ మాటకు భయపడి ఎలీషబా ఫైల్లో ఏదీ రాయలేదు. సర్వరును లేపేటప్పుడే పదిహేడు వరసలూ కంఠతా కొట్టి చెప్పేది. కరెంటు పోయి, ఇన్వర్టరు కూడా దిగిపోయిందంటే అది అన్నీ మరిచి మళ్లీ చెవులు మూసుకునేది. మళ్లీ ఎలీషబా రావాల్సిందే.

మొదట్లో ఆ మర్యాద బాగానే ఉండింది. ఆమె గడప తొక్కంగానే గుమాస్తా నాగేశ్వర్లు, "మంత్రసాని వచ్చింది, ఇంక కానుపైనట్టే" అనేవాడు. స్టూలేసేవాళ్లు, టీ తెప్పించేవాళ్లు. రానురాను అదే మెడకు చుట్టుకున్నది. చర్చిలో ప్రార్థన నడుమ ఫోను. చిన్నాయన కూతురి పెళ్లిలో ఉంగరాలు మార్చుకునే వేళకు తాను కురిచేడు ఆటోలో ఉన్నది. సర్వరు గదికి కిటికీ లేదు. పక్కనే మిరప విత్తనాలు, ఆ ఘాటుకు తుమ్ముకుంటా కొట్టాల. చేరిన రోజు ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని, "భద్రంగా ఉంటయ్యమ్మా" అని బాలసుబ్రహ్మణ్యం గారు బీరువాలో పెట్టినారు. అవీ ఆమెలాగే లోపల ఉండిపోయినయ్.

2023 అక్టోబరు 12న బెంగళూరు శిక్షణ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. వేలమంది రాసిన పరీక్షలో ఎలీషబా నెగ్గింది. డేటాబేసు పనిలో మూడు నెలల శిక్షణ. నవంబరు 6న ఒరిజినల్ సర్టిఫికెట్లతో కనపడాల, లేకుంటే సీటు ఇంకొకరికి.

"పోవద్దనలేదమ్మా" అన్నారు బాలసుబ్రహ్మణ్యం గారు. "నువ్వు లేకుండా మిషను లేచిన రోజు బీరువా నేనే తెరుస్తా."

"నాగేశ్వర్లు బాబాయికి నేర్పుతా సార్."

"వాడికి ఫోన్లో సైలెంటు తియ్యడమే రాదు."

"తియ్యడం వచ్చు సార్, పెట్టడమే రాదు" అన్నాడు నాగేశ్వర్లు.

వారం రోజులు నేర్పింది. నాలుగో వరస దాటి ఆయన నోటికి ఎక్కలేదు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు గోడౌన్లో పనిముట్లన్నిటికీ విశ్రాంతి. కాటాకు, బస్తాలు కుట్టే మిషనుకు బొట్టు పెట్టినాక నాగేశ్వర్లుకు సర్వరు గుర్తొచ్చింది. వైరు పీకి, పసుపు రాసి, ముందర నిమ్మకాయ పెట్టి దండం పెట్టినాడు. తెల్లారి వైరు పెట్టినా గిద్దలూరుకు, కనిగిరికి ఏమీ కనపడలేదు. ఎలీషబాకు ఫోను పోయింది.

"ఏంది బాబాయ్ ఇది?"

"ఏడాదంతా పని చేసింది గదమ్మా, ఒక్క పూటన్నా పడుకోనీ అని."

"దాన్ని లేపేది నేనే గదా."

"నీక్కూడా బొట్టు పెడదామనుకున్నా. చర్చి పిల్లవని ఊరుకున్నా."

అందరూ నవ్వినారు, ఆమె కూడా నవ్వింది. తొమ్మిదో వరస కాడ చెయ్యి ఆగింది. కాటాతోపాటు, కుట్టు మిషనుతోపాటు తానూ ఆ వరసలో నిలబడిన పనిముట్టే. వాటికైనా ఒక పూట విశ్రాంతి దొరికింది. ఈ పదిహేడూ తన నోట్లో ఉన్నంత కాలం సర్టిఫికెట్లు ఆ బీరువాలోనే ఉంటయ్.

సారు మాట గుర్తొచ్చినా, ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టుకుని, పదిహేడు వరసలూ ఫైల్లోకి ఎక్కించింది. ఇంక లేచిన ప్రతిసారీ మిషనే వాటిని చదువుకుంటాది. సర్వరు ఆపి లేపితే లేవలేదు. పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుకుంటా వస్తే పన్నెండో వరసలో ఒక చుక్క పడలేదు. చుక్క పెట్టింది. లేచింది.

శనివారం, 28వ తేదీ, బాలసుబ్రహ్మణ్యం గారిని పిలిచి ఆయన ఎదురుగానే మిషను ఆపేసింది. బయటికి వచ్చి మిరప బస్తా మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నది. "బాబాయ్, బటన్ నొక్కు. ఇంకేం ముట్టుకోబాక."

నాగేశ్వర్లు నొక్కినాడు. తెర మీద తెల్ల అక్షరం ఒక్కటీ రాలేదు.

"లేవలేదేందమ్మా" అన్నారు బాలసుబ్రహ్మణ్యం గారు.

"లేస్తాది సార్." లోపలికి పోయి చూద్దామని ఉన్నా ఆమె కదల్లేదు.

ఫోను మోగింది. నాగేశ్వర్లు స్పీకరు పెట్టినాడు. "బస్తాలు కనపడతాండయి" అన్నది మహాలక్ష్మి. "ఎలీషబా ఏది, గొంతు వినపడదే?"

"ఆమె బయట కూర్చున్నది తల్లీ. లేపింది నేనే" అన్నాడు నాగేశ్వర్లు.

బాలసుబ్రహ్మణ్యం గారు పోయి బీరువా తెరిచి సర్టిఫికెట్ల కవరు తెచ్చినారు. ఆమె పట్టుకున్నాక కూడా కాసేపు కవరు కొస వదల్లేదు. "మళ్లీ వచ్చేదెప్పుడో ఒక కాగితం మీద రాసియ్యి" అన్నారు.

ఎలీషబా గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. ఆయన దాన్ని మడిచి, సర్టిఫికెట్లు తీసిన అరలోనే పెట్టి తాళం వేసినారు. ఆ కాగితంలో ఉన్నది ఒక్కటే వరస: 2024 ఫిబ్రవరి 4, ఆదివారం.