గొలుగొండ బస్సు వచ్చేదాకా

మొన్న మంగళవారం పొద్దున్నే సిస్టరమ్మగారి మేనకోడలు ఫోన్ చేసి, ఆవిడ నిద్రలోనే పోయారని చెప్పింది. అమ్మకు చెప్పాను. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇంక మనకి టోకెను ఎవరు దాస్తారే?" అంది. ఆవిడ నర్సుగా పనిచేసిన ఆ ఆసుపత్రికి మేం వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. అయినా ఆ మాట నాకు వింతగా అనిపించలేదు.

తొంభైల్లో మేం గొలుగొండ దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. అమ్మకు ఆయాసం. నర్సీపట్నంలో డాక్టరుగారు మధ్యాహ్నం దాకానే చూసేవారు. టోకెన్లు అయిపోతే మర్నాడే. కార్లూ స్కూటర్లూ ఉన్నవాళ్లు తెల్లారకుండానే వచ్చి వాటిని పట్టుకుపోయేవారు. మా గొలుగొండ మొదటి బస్సు వచ్చేసరికి టోకెన్ల డబ్బా ఖాళీ. అమ్మ బస్టాండు నుంచి పరుగులాంటి నడకతో వచ్చి, గేటు పట్టుకుని రొప్పేది. అది చూసి చూసి, టోకెన్లిచ్చే సిస్టరమ్మగారు సగం టోకెన్లు తెల్లకోటు జేబులో వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. మీలో ఎవరైనా అక్కడికి వచ్చి ఉంటే ఆవిడ మాట గుర్తుండే ఉంటుంది. ఎవరేమడిగినా, "బస్సు రానీండి" అనేవారు. హారన్ వినపడగానే కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేవారు.

జనం ఊరుకుంటారా? ఒకాయన కారు తాళాలు బల్లమీద కొట్టి, "ఇదేటి, నీ సొంత ఆసుపత్రా?" అని గొడవను డాక్టరుగారి దాకా తీసుకెళ్లాడు. గది తలుపు తెరిచే ఉంది, మేమంతా విన్నాం.

"ఆయాసం ఉన్నోల్లు పరిగెట్టకూడదని మీరే సెప్తారు కదండీ. మీకాడికి రాడానికే పరిగెడతన్నారు" అన్నారావిడ.

మర్నాడు కూడా ఆ టోకెన్లు ఆవిడ జేబులోనే ఉన్నాయి.

కారువాళ్ల మీద ఆవిడకు కోపమేమీ లేదు. ఫిట్స్ వచ్చిన బిడ్డను ఎవరో కారులోంచి ఎత్తుకొస్తే, బస్సు జనాన్ని పక్కకు నెట్టి మరీ లోపలికి పంపారు. గొణిగినవాళ్లను "నీ బిడ్డయితేనో?" అని కసిరారు. నోరు కాస్త దురుసే. మందులు సరిగ్గా వేసుకోనందుకు అమ్మను తిట్టిన తిట్లు మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

రిటైరయ్యాక ఆవిడకే కిడ్నీ జబ్బు చేసింది. విశాఖలో పెద్ద డాక్టరుకు చూపించుకోవాలి. ఇక్కడ మొదటి బస్సెక్కినా, వెళ్లేసరికి అక్కడ టోకెన్లు అయిపోయేవి.

"మరేటి సేసేరండీ?" అని అమ్మ అడిగింది.

"ఏటి సేస్తాను, తిరిగొచ్చీసేను. అక్కడ నాలాటి పిచ్చిది లేదు కదమ్మా" అని నవ్వారు.

కారు మాట్లాడతామన్నాం. "ఇంకోపాలి సూద్దారి" అన్నారు. ఆ ఇంకోసారి రాలేదు. ఇంతమందికి దాచిన మనిషికి ఒక్క టోకెను దాచేవాళ్లు లేకపోయారు. అమ్మయితే విశాఖ మాటెత్తడమే మానేసింది.

బుధవారం నర్సీపట్నం చర్చిలో ఆవిడను ఉంచిన పెట్టె చుట్టూ జనం నిండిపోయారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే, ముందు బెంచీ మీంచి అమ్మ లేచింది.

"అయ్యగారూ, గొలుగొండ బస్సు ఇంకా రాలేదండీ. బస్సు రానీండి."

పాస్టరుగారు బైబిలు మూశారు. కార్లలో వచ్చినవాళ్లు కూడా బయటికొచ్చి, చెప్పులు లేని కాళ్లతో ఎండలో నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు.