కోతులు నమ్మే గొట్టం

మా ఊరు బటాంగ్ బెర్జుంటైలో మా ఇంటి వెనక నాలుగు అరటిచెట్లున్నాయి. వాటి మీద ఒక్క గెలనూ కోతులు పండనివ్వవు. పక్క ఎస్టేటు కాపలాదారు బతికున్నన్నాళ్లు, ఆయన తుపాకీ గొట్టం కనబడితే చాలు, తోక ముడిచేవి. ఆయన పోయి ఏళ్లయింది, ఆ తుపాకీ పోలీసు స్టేషనుకు వెళ్లిపోయింది. చివరికి నాన్న ఇంట్లోనే ఉత్తుత్తి తుపాకీ చేయడానికి కూర్చున్నాడు.

చెక్కపని ఒక్కపూటలో అయింది. పేచీ అంతా గొట్టం దగ్గరే. వెదురు పచ్చగా ఉందన్నాడు. ప్లాస్టిక్ పైపు మెరవదన్నాడు. హార్డ్‌వేర్ కొట్లో ఇనుప పైపులు ఒక్కొక్కటీ కంటికి ఆనించి చూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"ఏటి నాన్నా ఇది? పోలీసులు సూత్తే?"

"నమ్మాల్సింది కోతి గదా, పోలీసు కాదు."

సన్నటి పైపు కొని, నల్లరంగు పూసి బిగించాడు. మర్నాడే కోతులు దిగాయి. కోతికి గురిపెట్టడం పాపమని నాన్న ముందు ఆంజనేయుడికి లెంపలేసుకుని, తర్వాత తుపాకీ ఎత్తాడు. ముసలి కోతి ఒక్కటే పారిపోయింది. మిగిలినవి కదల్లేదు. అవి పుట్టాక ఈ చుట్టుపక్కల తుపాకీ పేలిందే లేదు. మా కళ్లముందే గెల ఒలుచుకుతిన్నాయి.

"ఈటికి గొట్టమైతే ఏటి, సీపురుకట్టయితే ఏటి?" అని అరిచాను.

 నాన్న తుపాకీ దించలేదు.

"గొట్టం పొట్టిదైపోనాదమ్మా. రేపు పొడుగుది తెద్దాం."