వంకలు పెట్టే ఉద్యోగం

ఆవిడ నోటికి జడిసి బస్టాండులో టీ కొట్టువాడు గ్లాసులు రెండుసార్లు కడిగేవాడు. అంత నోరు. కుళాయి కారితే ఊరుకోదు, బల్లకి మేకు పైకి లేస్తే ఊరుకోదు, తనెక్కని బస్సు పది నిమిషాలు ఆలస్యమైనా ఊరుకోదు. అక్కడే ఊడ్చేది, ఆరేళ్ళుగా అక్కడే బల్ల మీద పడుకునేది. ఉండటానికి గూడు లేదుగానీ ఊళ్ళో ఉన్నవాటన్నిటికీ వంకలు పెడుతుందని నవ్వనివాళ్ళు లేరు. నవ్వితే నవ్వారు. ఆ వంకలే చివరికి ఆవిడకి అన్నం పెట్టాయి. ఎలాగో చెబుతాను.

బస్టాండు వెనక వీధిలో ఐదంతస్తుల భవనం ఒకటి పదకొండేళ్ళు మొండిగోడలతో నిలబడిపోయింది. కట్టించినాయన సగంలో చేతులెత్తేశాడు. తలుపుల్లేవు, కిటికీల్లేవు, పైన తుప్పు పట్టిన ఊచలు. దాన్నొక సంఘం తీసుకుంది. ఒక్కో వాటా పూర్తిచేసి, నీళ్ళూ కరెంటూ పెట్టించి, ఇల్లు లేనివాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టింది. పనులు చూసేది ఒక మేస్త్రీ. పొట్టి మనిషి, చెవి మీద పెన్సిలు, మాట పొదుపు.

మొదట నాలుగు కుటుంబాలు దిగాయి. నెల తర్వాత మేస్త్రీ వెళ్ళి అంతా బాగుందా అని అడిగాడు. బ్రహ్మాండం అన్నారు అందరూ. ఒకింట్లో ముసలాయన ఎండు పుల్లతో స్విచ్చి నొక్కి లైటు వేశాడు.

"అదేంటి తాతా, చేత్తో నొక్కవా?"

"ముట్టుకుంటే కాస్త లాగుతుంది బాబూ. మరేం లేదు, అలవాటైపోయింది."

పక్కింట్లో స్నానం చేసిన నీళ్ళు నేల వాటం తిరగబడి పడగ్గదిలోకి వస్తుంటే, మొగుడూ పెళ్ళాం రోజూ పొద్దున్నే గుడ్డలతో తుడుచుకుంటున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇల్లిచ్చినవాళ్ళకే వంక పెడితే ఇల్లే పోతుందేమోనని భయం. ఆ భయం మేస్త్రీ కనిపెట్టాడు. మర్నాడు తిన్నగా బస్టాండుకి వెళ్ళి, చీపురు పట్టుకున్న ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నీకో ఉద్యోగం ఉంది. వాటా తయారైనప్పుడల్లా ముందు నువ్వు అందులో వారం రోజులు కాపురం ఉండాలి. వండుకో, స్నానం చెయ్యి, తలుపులు వేసి తియ్యి. ఏది బాగోలేదో నాకు చెప్పాలి."

"అంటే, తిట్టడానికి జీతమా?"

"అంతే."

"అయ్యో, ఇన్నాళ్ళూ ఊరికే తిట్టేశానే" అందావిడ.

అలా ఏ ఇంట్లోనూ వారానికి మించి ఉండని మనిషి అయింది. భవనంలో పిల్లలు వారాలత్త అన్నారు, ఆ పేరే ఖాయమైంది. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, రెండు గిన్నెలు. దిగిన రోజే బాత్రూంలో బకెట్టు నీళ్ళు కుమ్మరించి, అవి ఎటు పోతాయో పీట వేసుకుని మరీ చూసేది. కిటికీలు మూసి పోపు పెట్టి, పొగ ఎంతసేపటికి పోతుందో చూసేది. కుళాయిలన్నీ ఒక్కసారే విప్పేది. టైల్స్‌ని వేలి కణుపుతో తట్టి, డొల్లగా మోగితే మేస్త్రీని కేకేసేది.

"ఈ గడియ నా తలకంటే ఎత్తున పెట్టావు. ఇక్కడికొచ్చే పిల్లకి నిచ్చెన కూడా నువ్వే ఇస్తావా?"

మేస్త్రీ పెన్సిలుతో గోడ మీద గుర్తు పెట్టుకునేవాడు. సాయంత్రానికి గడియ కిందికి దిగేది. పెద్ద పనైనా, తర్వాతి వాటా ఇంకా తయారవకపోయినా, అత్త ట్రంకు సర్దుకుని కింద మేస్త్రీ సిమెంటు బస్తాలు పెట్టుకునే సిమెంటు గదికి మారేది. కొత్త కుటుంబం దిగిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి పాఠం చెప్పేది: "ఏది పాడైనా ఆ రోజే చెప్పండి. నోరు కుట్టేసుకుని కూర్చున్నారో, నేనొచ్చి దులిపేస్తాను."

రెండేళ్ళలో ఇరవై మూడు వాటాలు అలా ఆవిడ చేతి మీదుగా వెళ్ళాయి. ఇరవై నాలుగోది, మూడో అంతస్తులో మూల వాటా. దాన్ని సంఘం ఆవిడ పేరనే రాసింది. కాగితం చేతిలో పెడితే వారాలత్త గది మధ్యలో కూలబడి, "నువ్వు కాసేపు అవతలికి వెళ్ళు మేస్త్రీ, నేను ఏడవాలి" అంది. ఆయన వెళ్ళాడు. తృప్తిగా ఏడ్చింది. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక గోడకి పెట్టింది.

"నీ ఇల్లు నువ్వే వారం చూసి చెప్పు" అన్నాడు మేస్త్రీ. వారం తర్వాత వచ్చి అడిగితే, "ఏ వంకా లేదు" అంది.

"ఒక్కటీ లేదా?"

"లేదంటున్నానుగా."

మేస్త్రీకి అప్పుడే అనుమానం రావాల్సింది. తన పని ఇన్నాళ్ళకి కుదిరిందని మురిసిపోయి వెళ్ళాడు, పిచ్చి మారాజు.

వంక ఉంది. నాలుగో రోజే తెలిసింది ఆవిడకి. బాత్రూం మూల గోడ అడుగున చెమ్మ. తడితే టైలు డొల్ల. నేలలో పైపు అతుకు కారుతోంది. దాన్ని బాగుచెయ్యాలంటే నేల పగలగొట్టాలి, వారం రోజులు ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఎన్నో వాటాల్లో చూసిన పనే. ఆ వాటాలు వేరు, ఇది వేరు.

వెనకటికి ఆవిడకీ ఒక అద్దె గది ఉండేది. మొగుడు పోయాక కూడా నెల తప్పకుండా అద్దె కట్టుకుంటూ అందులోనే ఉంది. ఒకరోజు ఇంటాయన గదికి రంగులు వేయించాలి, వారం రోజులు ఎక్కడైనా సర్దుకోమన్నాడు. పిన్ని కూతురింట్లో తలదాచుకుని ఎనిమిదో రోజు వచ్చేసరికి, తన దండెం మీద ఎవరివో బట్టలు ఆరుతున్నాయి. అప్పుడు చేరింది బస్టాండుకి.

అందుకని నోరు మూసుకుంది. అర బకెట్టుతో స్నానం కానిచ్చి, గుడ్డతో నేలంతా ఒత్తి పిండేది. అలా రెండు నెలలు గడిచాయి.

కింది వాటాలో కుట్టుపని చేసే అమ్మాయి, నాలుగేళ్ళ కూతురితో ఉంటుంది. మొదటిసారి సొంతంగా దిండు కొనుక్కున్న వారాలత్త, దానికి గలేబు కుట్టించుకుందామని దిగి వెళ్ళింది. లోపల మిషను ఉండాల్సిన చోట లేదు, ఎదురు గోడకి జరిపారు. పాత చోట బకెట్టు. కప్పు పెచ్చులూడి, చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. ఊడిన పెచ్చులు చేటలో ఎత్తి మూలన పెట్టారు. ఒక్కోటి అరచేయంత ఉంది.

"ఇదెప్పట్నుంచి?"

"రెండు నెలలైంది అత్తా."

"పెచ్చు పిల్ల నెత్తిన పడితే? మేస్త్రీకి చెప్పవా? దిగిన రోజు నీకేం చెప్పాను?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. "చెబితే పైన నీ నేల పగలగొడతారు, నిన్ను ఖాళీ చెయ్యమంటారు. ఎన్నాళ్ళకో నీకో ఇల్లొచ్చింది. పాపని అటు వెళ్ళనివ్వట్లేదులే. బకెట్టేగా, రోజుకి రెండుసార్లు పారబోస్తే సరి."

వారాలత్త మిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. సిగ్గేసింది, గుండె నిండిపోయింది కూడా. "ఆరేళ్ళు అందరి కళ్ళ ముందే పడుకున్నాను తల్లీ. నా కోసం ఇంత కష్టం ఎవరూ పడలేదు" అంది. పిల్లని దగ్గరికి తీసుకుని, తల నిమిరి, లేచి తిన్నగా సిమెంటు గదికి వెళ్ళింది.

"నా ఇంట్లో వంక ఉంది మేస్త్రీ. మొదటి వారం నుంచీ ఉంది. నేనే దాచాను." పాత గది సంగతంతా నిలబడే చెప్పేసింది. చివర్న అడిగింది: "ఎన్నాళ్ళు ఖాళీ చెయ్యాలి?"

"వారం" అన్నాడు మేస్త్రీ నేల చూపులు చూస్తూ.

ఆ మధ్యాహ్నమే ట్రంకు సర్దుకుంది. కుట్టు అమ్మాయి వచ్చి, ఇంకెక్కడికీ వెళ్ళడానికి వీల్లేదని చాప చంకన పెట్టుకుని తన వాటాకే తీసుకెళ్ళింది. వారాలత్త తన వాటా తలుపుకి తాళం వేసి, తాళంచెవి మేస్త్రీకి చాపింది. ఆయన చెయ్యి చాపలేదు.

"నాకెందుకది? నీ దగ్గరే ఉంచుకో. రోజూ పొద్దున నువ్వు తీస్తే మేం పని చేస్తాం. సాయంత్రం నువ్వే వేసుకో."

"నేను తియ్యకపోతే?"

"పని ఆగుతుంది" అన్నాడు, అదేదో మామూలు సంగతిలా.

మర్నాడు వారాలత్త కింది వాటాలో టీ తాగుతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కాసేపాగి పైకి వెళ్ళింది. మేస్త్రీ, ప్లంబరు, టైల్స్ పనివాడు, ముగ్గురూ గోడవారన వరసగా నిలబడి ఉన్నారు. సుత్తులూ తట్టలూ నేల మీద పెట్టేసి ఆవిడ కోసం చూస్తున్నారు. తాళం తీసి, తలుపు బార్లా తెరిచింది. ఎవరూ కదల్లేదు.

"అత్తా, లోపలికి రావచ్చా?" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ నోరు తెరిచింది. తిట్లు మొదలవుతాయేమోనని టైల్స్ పనివాడు మేస్త్రీ వెనక్కి జరిగాడు. వారాలత్త కొంగుతో కళ్ళొత్తుకుని, తలుపుకి పక్కగా తప్పుకుంది.

"రండి" అంది. "కాళ్ళు తుడుచుకుని రండి."