పొగఓడ స్తంభం గాలివానకే పడింది

పడవల రేవులో అందరూ ఆయన్ని లంగరు మామ అంటారు. అడుగున ఇసుక కావడంతో అందరి లంగర్లూ జారిపోయేవి, ఆయనది మాత్రం వేసిన చోటి నుంచి బెత్తెడు కదిలేది కాదు. నీళ్లలో మునిగి ఉన్న పాత పొగఓడను చూడవచ్చినవాళ్లు ఏరికోరి ఆయన పడవే ఎక్కేవారు. అందులో ఆయన గొప్పేమీ లేదు. లంగరును ఇసుకలో వేయకుండా, ఓడ స్తంభం మొదట్లో ఉన్న కమ్మీలకు తగిలించేవాడు, అంతే.

పన్నెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఎంత లాగినా లంగరు రాలేదు. ఈదురుగాలి మొదలైంది, పడవలో జనం కంగారు పడుతున్నారు. ఇంజను జోరు పెంచి పడవను ముందుకు దూకించాడు. కింద ఏదో విరిగినట్టు తాడు ఒక్కసారిగా వదులైంది. మర్నాడు ఒక గజఈతగాడు వచ్చి, నూరేళ్లుగా నిటారుగా ఉన్న స్తంభం కూలిపోయిందన్నాడు.

"రాత్రి గాలివానకి పడుంటుందిలే," అన్నాడు లంగరు మామ. ఎంత తేలిగ్గా నోటికొచ్చిందో తలచుకుంటే ఆయనకు ఇప్పటికీ సిగ్గే.

తర్వాత ఓడను వారసత్వ సంపదగా ప్రకటించారు. లంగరు వేయకూడదన్నారు, పడవలు కట్టుకోవడానికి తేలే పీపాలు పెట్టారు. ఆయన కూతురు ఓడను చూసుకునే ప్రభుత్వ కార్యాలయంలోనే చేరి, నీళ్లలోకి దిగి కొలతలు తీసి, ఓడ పటమంతా గీసింది. రేవంతా ఆమెను మెచ్చుకుంటుంటే తండ్రికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. రేపు రేవులో ఓడ చరిత్ర రాసిన బోర్డు పెడతారనగా, ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేననుకుని ఆమె గదికి వెళ్లాడు.

ఆమె బల్ల మీద వంగి పటానికి రంగు వేస్తోంది.

"ఆ స్తంభం గాలివానకి పడలేదమ్మా. లంగరుతో లాగి నేనే పడగొట్టాను."

కుంచె ఆగలేదు. "తెలుసు నాన్నా."

"ఎవరు చెప్పారు?"

"మొదటిసారి దిగినప్పుడే చూశాను. స్తంభం మొదట్లో లంగరు కొక్కెం దిగిన గాటుంది. గాలివానకి కొక్కేలుండవు కదా."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మరి బోర్డు మీద ఏం రాశావు?"

"గాలివాన అనే రాశాను. పటంలో గాటు వేయలేదు."

"అదేం పని తల్లీ! ఇప్పుడే వెళ్లి మీ పెద్దాఫీసరుకి చెప్పేస్తాను."

అప్పుడు కుంచె పక్కన పెట్టింది. "నిన్ను ఏమీ అనరు నాన్నా. అప్పట్లో తెలియక చేశాడంటారు. నేను తెలిసే తప్పు పటం గీశాను. నా ఉద్యోగం ఉండదు."

బరువు దించుకుందామని వచ్చిన మనిషికి, అది ఎవరి నెత్తిన ఉందో అప్పుడు తెలిసింది. కూతురి ముందు నిలబడలేక, వెళ్లలేక, గుమ్మం పట్టుకుని ఉండిపోయాడు.

మర్నాడు బోర్డు పెట్టాక అతిథులను ఆయన పడవలోనే ఎక్కించారు. కూతురు ముందు వరసలో కూర్చుంది.

"ఆ స్తంభం ఎలా పడిందండీ?" అని ఒకావిడ అడిగింది.

"గాలివానకమ్మా."

"అంత పెద్ద గాలివానా?"

"అవునమ్మా, చాలా పెద్దది," అన్నాడు లంగరు మామ. కూతురు తల దించుకుంది.