ఒక్క డిట్‌కు పడే బ్రేకు

మా రేడియో క్లబ్బుకు ఏడాదికోసారి ఒక పిచ్చి లేస్తుంది. శని, ఆదివారాలు ఇల్లూ వాకిలీ వదిలేసి, కరెంటు లేని చోటు చూసుకుని, తెచ్చుకున్న బ్యాటరీల మీదే సెట్లు నడిపి ఎంత దూరం మాట్లాడగలమో తేల్చుకోవాలి. రామగుండం చుట్టుపక్కల కరెంటు లేని చోటు దొరకడమంటే మాటలా? ఎటు చూసినా పెద్ద లైన్ల స్తంభాలే. రేడియో పెడితే జుయ్యిమని ఒకటే రొద. అందుకని పోయిన చలికాలం గోదావరి ఒడ్డున, ఊరికి దూరంగా ఒక మామిడి తోట వెతుక్కున్నాం.

ఏరియల్ తీగ కట్టడానికి తాటిచెట్టెక్కిన గౌడన్న పైనుంచే అడిగాడు. "గింత తీగ కట్టి ఎవలతోని మాట్లాడ్తరే? ఫోన్లు లేవా మీకు?"

"ఉన్నయన్నా. ఫోన్ల ఏం మజా ఉన్నది?" అన్నాను. ఆయన నవ్వుకుంటూ ముడి ఇంకొంచెం బిగించాడు.

మిగతావాళ్లకు అది పిక్నిక్కు. నాకు మాత్రం పరీక్ష. మైకు పట్టుకుని మాట్లాడటం నాకెప్పుడో వచ్చేసింది. రానిది మోర్స్. డిట్, డా అంటూ పొట్టి, పొడుగు చప్పుళ్లతో అక్షరాలు పంపడం, అవతలివాళ్లవి విని రాసుకోవడం. రైల్వేలో తంతి కొట్టి రిటైరైన పెద్దాయన ఒకరు మా క్లబ్బులో దీనికి గురువు. రెండేళ్ల కింద, తను వాడిన, డిట్లూ డాలూ కొట్టే ఇత్తడి కీని నా చేతిలో పెట్టి నేర్పడం మొదలుపెట్టారు. ఈ రెండేళ్లలో నేను ఒక్క సంభాషణ కూడా చివరిదాకా రాసుకోలేదు. మధ్యలో చెయ్యి ఆగిపోయేది. నెపం చెవుల మీద కొంత, వయసు మీద కొంత వేసేవాణ్ని. చివరికి సారుకు విసుగొచ్చింది.

"తమ్మీ, ఈసారి తోటల ఒక్కనితోనన్న పూర్తిగ మాట్లాడు. లేకుంటె కీ వాపస్ ఇయ్యి. నేర్చుకునేటోళ్లు ఇంకా ఉన్నరు," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. రిటైరైన ఈ మూడేళ్లలో నేను ఇష్టంగా ముట్టుకున్న వస్తువు అదొక్కటే. దాన్ని ఇంకొకరి చేతిలో చూడటం నావల్ల కాదు.

శనివారం నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లూ బోర్లా పడ్డాను. అవతల మా ఇంజనీరు మేడమ్, కోస్తా నుంచి వచ్చినావిడ, మైకులో రష్యా దాకా పోయొచ్చింది. నేను సర్వపిండి నములుతూ ముఖం మాడ్చుకుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున మళ్లీ కుర్చీ లాక్కున్నాను. సెట్లో ఎవరో మోర్స్‌లో నింపాదిగా పిలుస్తున్నారు. జవాబు కొట్టాను. ఆయన మొదలుపెట్టాడు, నా చెయ్యి ఆగింది. మళ్లీ చెప్పమన్నాను, మళ్లీ ఆగింది. సారు ఎప్పుడూ బల్లకు అటువైపు కూర్చునేవారు. ఆ రోజు నడుం నొప్పని నా పక్కనే కింద చాప మీద ఒరిగారు.

"కాలుతోని ఏం జేస్తున్నవ్?" అన్నారు ఉన్నట్టుండి.

వంగి చూసుకున్నాను. కుడికాలి కింద ఇసుకలో బెత్తెడు గుంట పడి ఉంది.

అప్పుడు తెలిసింది నాకు. బొగ్గు బావిలో ముప్ఫై ఏళ్లు నేను చేసింది తాడుతో టబ్బులు, అంటే బొగ్గు నింపే బండ్లు, లాగే ఇంజన్ నడపడం. కింద ఏం జరుగుతోందో మాకు కనబడదు, గంట ఎట్లా చెబితే అట్లా. మూడు కొడితే లాగాలి, రెండు కొడితే దింపాలి, ఒక్కటి కొడితే ఎక్కడిదక్కడ ఆపాలి. మోర్స్‌లో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరానికి ఒకే ఒక్క డిట్. అది వినబడిన ప్రతిసారీ నా కాలు బ్రేకు తొక్కుతోంది, దాంతోపాటే చెయ్యీ ఆగుతోంది. ఇంగ్లీషులో ఆ అక్షరం లేకుండా నాలుగు మాటలు ఎవడు మాట్లాడతాడు, నా ఖర్మ కాకపోతే!

"బ్రేకు సార్," అన్నాను సిగ్గుపడుతూ. "ఒక్క గంటకు ఆపకుంటె టబ్బుల కింద మనిషి ఉంటడు."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఈడ కింద ఎవ్వలు లేరు తమ్మీ. నడువనియ్యి," అన్నారు.

తర్వాత కుర్చీ తీసేయించి, తోట కాపలాదారు నులక మంచం బల్ల దగ్గరికి జరిపించారు. "బాసింపట్టు ఏసుకొని కూసో. కాలు నేలకు తగలనియ్యకు."

మంచమెక్కాను. అవతలాయన పుణ్యాత్ముడు, ఇంకా ఓపికగా పిలుస్తూనే ఉన్నాడు. డిట్ వచ్చింది. తొడ బిగుసుకుంది గానీ తొక్కడానికి నేల లేదు. పెన్సిల్ ముందుకు పోయింది. ఇంకో డిట్. పెన్సిల్ ఆగలేదు. ఆయన పేరు, ఊరు, అక్కడ చలి ఎక్కువగా ఉందన్న ముచ్చట, టీ తాగుతున్నానన్న ముచ్చట, అన్నీ రాశాను. సెలవు కూడా చెప్పుకున్నాం.

అందరూ చుట్టూ మూగారు. "ఏ దేశమండీ?" అంది మేడమ్ ఆత్రంగా.

కాగితం చూసుకున్నాను. "మంచిర్యాల," అన్నాను.

గోదావరి బ్రిడ్జి దాటితే మంచిర్యాలే. రెండేళ్లు కష్టపడి నేను చేరింది అంత దూరం! తోటంతా ఒకటే నవ్వు. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను.

సారు మాత్రం కీని తువ్వాలతో తుడిచి నా ఒడిలో పెట్టారు. "ఇగ ఇది నీదే," అన్నారు.

రిటైరైన రోజు బావి దగ్గర దండలేశారు, శాలువా కప్పారు, ఇంటిదాకా డప్పులతో తీసుకొచ్చారు. అయినా నేను డ్యూటీ దిగింది మాత్రం ఆ ఆదివారం పొద్దున, నులక మంచం మీద.